అక్వేరియంలో అలుగు: కరెంటు పోతే నీరెక్కడికి పోతుంది?

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



రక్తపోటు మీద, ఆదాయపు పన్ను మీద మాట్లాడేవారున్న సభలో చేపల తొట్టి మీద మాట్లాడమని కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చారు. మనవలు ముచ్చటపడి కొనిపించారు, వాళ్లు చదువులకు వెళ్లిపోయారు, తొట్టి మనకు మిగిలింది. మనలో చాలామంది ఇళ్లలో ఇదే కథ గనుక ఒప్పుకున్నాను.

చిన్న తొట్టికి ఏ గొడవా లేదు. నాలుగడుగుల తొట్టి అయితే కింద స్టాండులో మరొక తొట్టి పెడతారు. దానిని సంపు అంటారు. పై తొట్టిలో ఒక మూల, అంచుకి దువ్వెన పళ్ల వంటివి గల చిన్న గది ఉంటుంది. అది మన చెరువు అలుగే అనుకోండి. అంచు దాటిన నీరు గొట్టంలో పడి తన బరువుతోనే సంపులోకి దిగుతుంది. అక్కడ స్పాంజి చెత్తను పడుతుంది. పింగాణీ గుళికల మీద పెరిగే సూక్ష్మజీవులు చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. చివరి అరలోని మోటారు ఆ నీటిని మళ్లీ పైకి తోస్తుంది. ఎంత తోస్తే అంత అలుగు దాటుతుంది, కాబట్టి పై తొట్టి మట్టం కదలదు. ఆవిరైన లోటంతా మోటారు అరలోనే కనపడుతుంది. రోజూ చూడవలసినది అదే. అది ఎండితే మోటారు కాలుతుంది.

ఇంతవరకు దుకాణం అబ్బాయి కూడా చెప్పాడు. చెప్పనిది ఒకటుంది.

2012 వేసవిలో కరెంటు కోతలు మీకందరికీ గుర్తే. ఒక రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది. మా ఇంటావిడ మంచినీళ్లకని లేచి హాల్లో అడుగుపెట్టింది. గచ్చంతా నీరు. జారిపడి కుడి మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. చూస్తే తొట్టి పగలలేదు, ఎక్కడా కారలేదు.

లెక్కలు రాసిన చెయ్యి కదా, మర్నాడు కాగితం తీశాను. నీటిని పైకి తెచ్చే గొట్టం మూతి పై తొట్టిలో నాలుగంగుళాల లోతున ఉంది. మోటారు ఆగగానే, పూర్వం డ్రమ్ములోంచి కిరసనాయిలు గొట్టంతో లాగినట్లు, అదే గొట్టం నీటిని వెనక్కి లాగేసింది. మూతి బయటపడేదాకా ఆగదు. తొట్టి పొడవు 48 అంగుళాలు, వెడల్పు 18. రెండూ గుణించి 61తో భాగిస్తే అంగుళానికి 14 లీటర్లు, నాలుగంగుళాలకు 56. సంపులో ఖాళీ 20 లీటర్లే. మిగిలిన 36 లీటర్లు, అంటే రెండున్నర బకెట్లు, గచ్చు మీదికి వచ్చాయి. సంపు నిండుగా ఉంటే మంచిదని రోజూ నింపినది నేనే.

తర్వాత గొట్టం మూతిని నీటిమట్టానికి అంగుళం లోపలికి జరిపించాను. మట్టానికి కాస్త కిందుగా గొట్టానికి చిన్న రంధ్రం కూడా వేయించాను. నీరు అక్కడికి దిగగానే గాలి దూరి లాగడం ఆగిపోతుంది. కానీ రంధ్రానికి పాచి పడుతుంది, వారానికొకసారి పిన్నీసుతో పొడవాలి. వెనక్కి రానివ్వని వాల్వు అమ్ముతారు గాని దాన్నొక్కదాన్నే నమ్మవద్దు, చిన్న నత్త ఇరుక్కున్నా మూసుకోదు.

గొట్టాల్లోని నీరు కూడా దిగుతుంది గనుక కాగితం లెక్కతో ఊరుకోరాదు. పగటిపూట మీరే మోటారు ఆపి చూడండి. నీరంతా దిగాక కూడా సంపు అంచుకి రెండంగుళాలు ఖాళీ ఉండాలి. లేకపోతే నీరు తీసి, మోటారు మళ్లీ వేసి, అప్పటి మట్టం దగ్గర రంగుతో గీత పెట్టండి. ఆ గీత దాటి ఎన్నడూ నింపకండి.

దీనికి ఎదురుగా మరో ప్రమాదముంది. అలుగుకి ఆకు అడ్డుపడితే మోటారు తన అరలోని నీరంతా పైకి తోసేస్తుంది. ఆ నీరు పట్టేంత ఖాళీ పై తొట్టిలో ఉండాలి. మాది అరలో 18 లీటర్లు, పైన అంగుళంన్నర ఖాళీ, సరిపోయింది.

సభ అయ్యాక తేనీటి దగ్గర ఉంటాను. మీ తొట్టి పొడవు, వెడల్పు, గొట్టం మూతి లోతు అంగుళాల్లో రాసి ఇస్తే అక్కడే లెక్క వేసి ఇస్తాను.