ఊరికే నడవడం

(అంగలకుదురులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ సమావేశానికి పిలిచినప్పుడు గృహహింస చట్టం గురించో, ఆస్తి హక్కు గురించో మాట్లాడమంటారనుకున్నాను. నిర్వాహకులు పంపిన ప్రశ్న వేరు. మీలో పది పన్నెండు మంది, టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఒక నర్సు, నెలకొక ఆదివారం కొండల్లో నడకకు తీసుకెళ్ళే ఒక ట్రెక్కింగ్ బృందంలో చేరాలనుకున్నారు. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే నడక. ఇళ్ళల్లో గొడవలయ్యాయి. ఇద్దరు ఇప్పటికే విరమించుకున్నారు. ఇప్పుడు సంఘం ముందున్న ప్రశ్న: సరదా కోసం వెళ్ళే వాళ్ళ తరఫున సంఘం ఆ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాలా, అక్కర్లేదా? దెబ్బలు తిన్న స్త్రీ ఇంటికి వెళ్తాం, కూలి ఎగ్గొట్టిన చోటికి వెళ్తాం, కొండ ఎక్కుతానన్న స్త్రీ ఇంటికి ఎందుకు వెళ్ళాలి అని మీలో కొందరు గట్టిగానే వాదించారట.

వెళ్ళాలి అన్నదే నా అభిప్రాయం. అది సరదా కాబట్టే వెళ్ళాలి.

ఈ ప్రాంతంలో స్త్రీలు నడవకుండా ఎప్పుడున్నారు? కృష్ణా పడమటి డెల్టా ఇది. ఎటు చూసినా చదునైన నేల, కాలవగట్లు, వరి చేలు, వరి కోశాక మినుము, మొక్కజొన్న. నాట్లకూ కలుపులకూ గట్ల మీద కిలోమీటర్లు నడిచి వెళ్ళేది స్త్రీలే. ఏజెన్సీలో కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగే ఆదివాసీ స్త్రీ, పర్వతారోహణ చేశానని ఎవరికీ చెప్పుకోదు. కార్తీక మాసంలో గుడికి నడుస్తాం, శివరాత్రికి కోటప్పకొండ ఎక్కుతాం. 2021 నవంబరు 1న అమరావతి రైతులు తుళ్ళూరు నుంచి తిరుపతికి పాదయాత్ర మొదలుపెట్టినప్పుడు ఆ నడకలో ముందు వరసల్లో స్త్రీలున్నారు, నడివయసు వాళ్ళు, పెద్దవాళ్ళు. నలభై రోజులకు పైగా వానల్లో నడిచారు. ఆ డిమాండుతో మనం ఏకీభవించామా లేదా అన్నది పక్కన పెట్టండి. వందల కిలోమీటర్లు నడవడం ఆడవాళ్ళ వల్ల కాదని ఆ రోజు ఎవరూ అనలేదు.

కనుక అడ్డంకి కాళ్ళకు సంబంధించింది కాదు, కారణానికి సంబంధించింది. మన ఊళ్ళల్లో రోడ్డు మీద కనిపించిన ఆడమనిషిని "ఎటమ్మా?" అని అడగని వాళ్ళుండరు. ఆప్యాయతతోనే అడుగుతారు. కానీ దానికి జవాబుండాలి. రేషనుకు, ఆసుపత్రికి, గుడికి, పుట్టింటికి. అదే ప్రశ్న మగవాణ్ణి అడిగితే "ఊరికే" అంటాడు. ఆ జవాబు అతనికి సరిపోతుంది. "ఊరికే" అని చెప్పిన ఆడదానికి ఏ పేరు పెడతారో మీకు తెలుసు. దేవుడి కోసం, కట్టెల కోసం, కూలి కోసం, చివరికి రాజకీయం కోసం నడవనిస్తుంది పితృస్వామ్యం. ఊరికే నడవనివ్వదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అనే ముగ్గురు పరిశోధకులు ముంబయి స్త్రీల మీద పనిచేసి 2011లో ఒక పుస్తకం తెచ్చారు. స్త్రీకి బహిరంగ స్థలం మీద హక్కు ఉందనడానికి కొలత ఆమె పని మీద బయటికి వెళ్ళగలగడం కాదు, పని లేకుండా వెళ్ళగలగడం అన్నది వాళ్ళ వాదన సారం. ముంబయి సముద్రపు ఒడ్డుకు చెప్పిన మాట అంగలకుదురు కాలవగట్టుకూ చెల్లుతుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. దేశంలో ఎక్కడికైనా స్వేచ్ఛగా సంచరించే హక్కు రాజ్యాంగం 19(1)(డి) అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతి, తీరిక హక్కులని చెప్పింది. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు 1979లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం, మనం సీడా అని పిలుచుకునేది, 13వ అధికరణంలో వినోదంలోనూ క్రీడల్లోనూ పాల్గొనే హక్కును విడిగా రాసింది. భారతదేశం 1993లో దాన్ని ఆమోదించింది. కాగితం మీద మనకు లోటు లేదు. మనల్ని ఆపుతున్నది ఆదివారం మధ్యాహ్నపు వంట.

2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే చూడండి. ఇంటి పని చేసే స్త్రీలు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు చేశారు. మగవాళ్ళు 97 నిమిషాలు. అదీ ఇంటిపని చేస్తామన్న మగవాళ్ళు, నలుగురిలో ఒక్కరు. ఆదివారం నాడు ఈ లెక్క ఇంకా పెరుగుతుందని లెక్కలు చూడకుండానే మనకు తెలుసు. మాంసం ఆ రోజే, తలంట్లు ఆ రోజే, దుప్పట్లు ఉతికేది ఆ రోజే, చుట్టాలొచ్చేదీ ఆ రోజే. అందుకే ఇళ్ళల్లో జరిగిన గొడవలో "భద్రత" అన్న మాట ఎంత వినిపించినా, నేను మాట్లాడిన ఇళ్ళల్లో కాసేపు కూర్చున్నాక అసలు మాట బయటపడింది: మరి ఇంట్లో ఎవరు చూస్తారు?

ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దుటి నుంచీ నడుం వంచి కలుపు తీసే ఒకావిడ నాతో అంది: "మాకు కొండెందుకమ్మా, మంచం కావాలి గానీ." ఆమె మాట నిజం. శరీరశ్రమతో బతికే వాళ్ళకు విశ్రాంతి అంటే కూర్చోవడం, కూర్చుని బతికే వాళ్ళకు విశ్రాంతి అంటే నడవడం. నెలజీతం, ఆదివారం సెలవు, మంచి బూట్లు ఉన్నవాళ్ళ సరదా ఇది అనే విమర్శకు ఆధారం ఉంది. కానీ దీన్ని బట్టి ఈ కోరికే తప్పనడం నాకు సమ్మతం కాదు. ఇంగ్లండులో 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచింది మాంచెస్టరు ప్రాంతపు మిల్లు కార్మికులూ నిరుద్యోగ యువకులూ. ఆ కొండలను భూస్వాములు వేటకోసం మూసి ఉంచారు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. 1949లో జాతీయ వనాల చట్టం రావడానికి తోడ్పడిన వాటిల్లో ఆ నడకొకటి. తీరిక కూడా కార్మిక సమస్యేనని వాళ్ళకు తెలుసు. ఆవిడకు మంచం కావాలన్నా ఆదివారపు పని తగ్గాల్సిందే, మీకు కొండ కావాలన్నా అదే తగ్గాలి. రెండు కోరికలకూ అడ్డం ఒకటే.

ఇక ఈ బృందాల సంగతి. పట్నాల్లో ఇవి గత ఇరవై ఏళ్ళలో బాగా పెరిగాయి. 2008లో మొదలైన చెన్నై ట్రెక్కింగ్ క్లబ్బు మన నాగలాపురం కొండలకు ఎందరినో నడిపించింది. హైదరాబాదులో గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్బు స్వచ్ఛంద సేవకులతో నడుస్తుంది. అనంతగిరి, భువనగిరి లాంటి చోట్లకు ఒకరోజు నడకలు ఇలాంటి బృందాలకు మామూలే. ఖర్చులు పంచుకునే బృందాలున్నాయి, లాభానికి నడిపే వ్యాపారాలూ ఉన్నాయి. రెండూ ఒకే భాషలో ఆహ్వానిస్తాయి కనుక తేడా కనుక్కోవడం మన పని. నా పరిశీలనలో వీటి మంచి ఏమిటంటే, ఇక్కడ స్త్రీ ఎవరి భార్యగానో, ఎవరి తల్లిగానో రాదు. పేరుతో వస్తుంది, సంచి తనే మోసుకుంటుంది. కులమేమిటని అడగకుండా నలుగురి అన్నం నలుగురూ పంచుకు తినే సందర్భాలు మనకు ఇంకా ఎక్కువేమీ లేవు.

చెడు కూడా చెప్తాను. ఒక బృందంతో నేను కొండవీడు ఎక్కాను. రెడ్డిరాజుల కోట అది, 1515లో కృష్ణదేవరాయలు పట్టుకున్నది. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డుంది, మేం పాత కాలిబాటన వెళ్ళాం. స్త్రీలందరినీ వరస మధ్యలో నడవమన్నారు, భద్రత కోసమని. ముందు మగవాళ్ళు, వెనక మగవాళ్ళు. దారి ఎవరికి తెలుస్తుంది అలాగైతే? సాయంత్రానికి మగపిల్లలందరికీ దారి వచ్చింది, మాకు ముందు నడిచేవాడి వీపు వచ్చింది. మూత్రానికి వెళ్ళాలంటే ఎక్కడా ఆగడం లేదు. దానివల్ల నీళ్ళు తాగడం మానేశారు ఇద్దరమ్మాయిలు, ఒకమ్మాయికి కళ్ళు తిరిగాయి. నాయకుడు చెడ్డవాడు కాదు. ఆలోచించలేదు, అంతే. ఆలోచించకపోవడం కొండ మీద ప్రమాదం.

ఎంత ప్రమాదమో 2018 మార్చి 11న తెలిసింది. తమిళనాడు తేని జిల్లా కురంగణి దగ్గర, కొలుక్కుమలై నుంచి దిగుతున్న రెండు బృందాలు కార్చిచ్చులో చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళల్లో చాలామంది యువతులు. అది ఎండుగడ్డి కాలం, అనుమతుల మీద ప్రశ్నలు లేచాయి, ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం ట్రెక్కింగ్‌కు నియమావళి తెచ్చింది. మనవాళ్ళు "భద్రత" అన్నప్పుడు మగవాడి నుంచి భద్రత గురించే మాట్లాడతారు. నిప్పు నుంచి, ఎండ నుంచి, నీళ్ళు లేకపోవడం నుంచి భద్రత ఎవరూ అడగరు. అడగాల్సింది మనం. అటవీశాఖ అనుమతి కాగితం ఉందా, చూపించండి అని అడగండి. ఎంతమందికి ఎంతమంది దారి తెలిసినవాళ్ళు, మనిషికి ఎన్ని లీటర్ల నీళ్ళు, ఎవరికైనా కాలు బెణికితే కిందికి ఎలా తెస్తారు, వెనక్కి తిరగాలని నిర్ణయించేదెవరు అని అడగండి. మన ఎండు కొండలకు నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకానే మంచి కాలం. మార్చిలో పిలిచే బృందాన్ని నేనయితే అనుమానిస్తాను.

మగవాడి నుంచి భద్రత అక్కర్లేదని కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. ఇష్టంతో చేరిన నడక బృందం ఎవరి పనిచోటు కిందికి వస్తుందన్నది తేలికగా తేలదు. కనుక చేరే ముందే ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో, ఆరోపణ వచ్చిన మనిషిని నడకల నుంచి ఎవరు తప్పిస్తారో రాతపూర్వకంగా అడగండి. "మా దగ్గర అలాంటివి జరగవు" అని జవాబిచ్చే బృందంలో చేరకండి.

అలాగైతే ఆడవాళ్ళమే ఒక బృందం పెట్టుకుంటే పోలేదా? జపానులో జుంకో తాబెయి 1969లో ఆ పనే చేసింది, స్త్రీలకే పర్వతారోహణ క్లబ్బు పెట్టింది. డబ్బులడగడానికి వెళ్తే ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుకోమని సలహా ఇచ్చారు. కారు సీటు తొడుగులతో చేతి తొడుగులు కుట్టుకున్నారు. 1975 మే 16న, ఇంట్లో మూడేళ్ళ కూతురుండగా, ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ అయింది. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో అదే శిఖరం ఎక్కింది. నిజామాబాదు జిల్లా లంబాడా కూలీ కుటుంబపు పిల్ల. పూర్ణను అక్కడికి చేర్చినవి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల, భువనగిరి బండ మీద ఇచ్చిన శిక్షణ. ఒకచోట స్త్రీలు తమకు తాముగా కట్టుకున్న క్లబ్బు, ఒకచోట ప్రభుత్వ డబ్బు. వట్టి ఆశ మీద ఎవరూ కొండెక్కలేదు. మీ విషయంలో నేను చెప్పేది: మొదట కొన్ని నడకలు మీరే నడవండి. దారి చూడటం, వేగం చూసుకోవడం, ఆగమని చెప్పడం నేర్చుకున్నాక మిశ్రమ బృందంలోకి నలుగురైదుగురు కలిసి వెళ్ళండి. ఒక్కరే వెళ్తే వరస మధ్యలో పెడతారు.

మొదటిదానికి కోటప్పకొండ చాలు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టికెట్టు లేదు. గుంటూరు వెళ్ళి, నరసరావుపేట మీదుగా కొండకు. ఘాట్ రోడ్డు వదిలి మెట్ల దారిన ఎక్కండి. గొల్లభామ ఆనందవల్లి కథ మీకందరికీ తెలుసు. రోజూ ఆ కొండెక్కేది, నిండు గర్భంతోనూ ఎక్కింది. ఇక ఎక్కలేనంటే, నేనే నీ వెంట దిగివస్తాను, వెనక్కి తిరిగి చూడకు అన్నాడు స్వామి. చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. చూసినందుకు ఆమెను తప్పుబట్టే వాళ్ళున్నారు. నాకు మాత్రం, వెనక ఏం జరుగుతోందో చూడకుండా ఏ ఆడది కొండ దిగగలదు అనిపిస్తుంది. ఇంట్లో పాలు పొంగాయేమో, పిల్ల లేచిందేమో.

సంఘం వెళ్ళాల్సిన ఇళ్ళు రెండున్నాయి, విరమించుకున్న వాళ్ళవి. అనుమతి అడగడానికి వెళ్ళకండి, ఫలానా ఆదివారం ఈమె ఉండదని చెప్పడానికి వెళ్ళండి. మీ సంఘం మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ కేటాయించండి. ఆ ఆదివారం ఏ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు, అత్తగారా, ఆడపిల్లా, భర్తా, హోటలు పార్సిలా అన్నది రాసిపెట్టండి. ఆడపిల్ల బడి పుస్తకం మూసి వంట చేసి ఉంటే అదీ రాయండి. ఫిబ్రవరిలో మళ్ళీ వస్తాను, ఆ పేజీ చూడాలి.