మంచినీరు - సగము చదువు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)

నేను పండితుడను గాను. పగలు లెక్కలు వ్రాసికొని, సాయంకాలము ఈ గ్రంథాలయపు బల్లవద్ద కూర్చుండి నాలుగు పుస్తకములు చదివికొన్నవాడను. భాగవతమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. మన్నింతురుగాక, నేను మంచినీటిని గూర్చి చెప్పెదను.

కారణము మీరెరుగుదురు. మొన్నటి వర్షకాలమున, క్లోరిను కలిపిన నీటివలన రాచపుండు పుట్టునని యెచ్చటనో చదివి, మన చెఱువునీటి ట్యాంకులో బ్లీచింగు పౌడరు వేయవలదని పట్టుబట్టినవారిలో నేనొకడను. పౌడరు మానిరి. పదిదినములు తిరుగకముందే రెండు వీధులలో వాంతులు, విరేచనములు. మా మనుమడు మూడు రాత్రులు ఆసుపత్రిలో నుండెను. అప్పుడు గాని మిగిలిన సగము చదువలేదు.

నేను మొదట చదివినది కేవలము అబద్ధము గాదు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున ప్రజల నీటికి క్లోరిను నిత్యము కలుపుట ఆరంభమైనది. ఆ పద్ధతి వ్యాపించినకొలదిని టైఫాయిడు తగ్గినది. 1974లో హాలండు దేశపు రాటర్‌డాం నీటి సంస్థలోని రూక్ అను రసాయనజ్ఞుడు వేఱొక సంగతి బయటపెట్టెను. నీటిలో కుళ్లిన ఆకులు అలముల సారమున్నచో, క్లోరిను దానితో కలిసి క్లోరోఫారము మొదలగునవి పుట్టునట! వానికి ట్రైహాలోమీథేనులని పేరు. పాలకడలిని అమృతమునకై చిలుకగా ముందు హాలాహలమే పుట్టినది గదా. దేవతలు మందరమును విడిచి పోలేదు. విషమునకు ఉపాయము చూచి మరల చిలికిరి.

ఇచ్చట ఉపాయము నిబంధన. 1979లో అమెరికా ప్రభుత్వము, పదివేలకు మించిన జనమునకు నీరిచ్చు సంస్థలలో ఇవి మొత్తము లీటరుకు 100 మైక్రోగ్రాములు మించరాదని విధించినది. 1998లో దానిని 80కి తగ్గించి, చిన్న సంస్థలకును వర్తింపజేసిరి. ఎనుబది యనగా వేయి లీటర్లలో గ్రాములో పదవవంతు కంటెను తక్కువ! 2006 నాటి నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. అంతకుముందు ఊరంతటికి ఒకే సగటు. పిమ్మట నమూనా తీసిన ప్రతి చోటికిని వేఱుగా సంవత్సరపు సగటు. సగటు మాటున ఎన్ని దాగునో లెక్కలు వ్రాయువానికి తెలియును. గొట్టపు చివరి వీధికి చేరునప్పటికి క్లోరిను చాలసేపు పనిచేసి యుండును. ఆ వీధి దోషమును ట్యాంకు చెంతనున్న వీధి సుగుణము కప్పరాదు.

2012 నాటి మన భారతీయ ప్రమాణము క్లోరోఫారము లీటరుకు 0.2 మిల్లీగ్రాము మించరాదన్నది. మిగులు క్లోరిను 0.2కు తగ్గరాదనియు నదియే అన్నది. అంకె యొకటే, ఒకటి పైగట్టు, ఒకటి అడుగు. నేను పైగట్టు మాత్రమే చదివితిని. ఈ పదార్థములకు వెఱచి క్రిమిసంహారమును సడలింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు స్పష్టముగా చెప్పినది.

కావున పని క్లోరినునకు ముందే యున్నది. పటికతో మడ్డి దింపి, ఇసుకలో వడగట్టిన పిమ్మటనే పౌడరు కలుపవలెను. మన చెఱువుగట్టు చెట్ల ఆకు నీటిలోనే రాలుచున్నది. ఇసుకమడిని కడిగి ఎన్నాళ్లైనదో పంచాయతీవారే చెప్పవలెను.

నా తప్పునకు ప్రాయశ్చిత్తముగా చుక్కలమందు సీసా కొని, ప్రతి ఉదయము చివరి యింటి కుళాయి నీరు పరీక్షించి పుస్తకములో వ్రాయుచున్నాను. నేటి అంకె 0.2. పుస్తకము పత్రికల బల్లపైననే యున్నది, ఎవరైనను చూడవచ్చును.