వడదెబ్బ చావులు లెక్కలోకి రావాలి

(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సీమలో పుట్టినోళ్లకు ఎండ కొత్త కాదు. కర్నూలు, నంద్యాల, కడపలో మే నెల వస్తే 42, 43 డిగ్రీలు మామూలే. అందుకే "మనకు అలవాటేలే" అంటాం. ఆ మాటే మన ప్రాణం మీదికి తెస్తోంది. మనిషి ఒంట్లో వేడి 37 డిగ్రీలు. చెమట పట్టి ఆరితేనే అది అదుపులో ఉంటుంది. నీడా నీళ్లూ లేకుండా పని చేస్తే ఒళ్లు 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఏ అలవాటూ కాపాడదు.

2015 మే నెలను మనం మరిచిపోలేం. దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు పోయారు. అందులో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. చనిపోయినవారి కుటుంబానికి లక్ష రూపాయలు ఇస్తామని అప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కానీ సాయం అందాలంటే అది వడదెబ్బేనని పోస్టుమార్టం కాగితం, అధికారుల విచారణ ఉండాలి. మన ఊర్లలో ఏం జరుగుతోంది? చేనిలో పడిపోయిన మనిషిని ఇంటికి మోసుకొస్తాం. గుండెపోటు అనుకుంటాం. సాయంత్రానికి మట్టి చేస్తాం. కాగితం లేదు కాబట్టి ఆ చావు లెక్కలో లేదు.

ఉపాధి పనికి పోయే అక్కల సంగతి చూడండి. 2023 జనవరి నుంచి హాజరుకు రోజుకు రెండు ఫొటోలు సెల్లులో ఎక్కించాల్సి వచ్చింది. పొద్దున ఒకటి, నాలుగు గంటలు గడిచాక ఇంకొకటి. చల్లపొద్దునే వచ్చి కొలత ప్రకారం మట్టి తవ్వేసినా, రెండో ఫొటో కోసం ఎండలో కాచుకోవాల్సిందే. హాజరుకు ఇంత గట్టి లెక్క ఉంది. పడిపోయిన మనిషికి మాత్రం లేదు.

నోరు లేని జీవాలదీ ఇదే గతి. ఎనుముకు నల్ల తోలు, చెమట తక్కువ. నీళ్లలో పడుకుంటేనే దానికి చల్లదనం. కుంటలు ఎండిపోతే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది. గొర్లు ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చి నిలబడతాయి. పులివెందుల దిక్కు చీనీ పిందె రాలుతుంది. పత్తికొండ దిక్కు టమోటా పూత నిలవదు. ఇదంతా ఎండ తీసుకునే పన్నే.

మనం అడిగేవి పెద్ద కోరికలు కావు. ఎండాకాలంలో కొలత పూర్తయితే కూలీలను ఇంటికి పంపాలి. పని చోట నీడ, నీళ్లు, ఓఆర్ఎస్ పెట్టాలి. పశువుల తొట్లు కట్టి వదిలేయకుండా రోజూ నింపాలి. వడదెబ్బ అనుమానం ఉన్న ప్రతి చావునూ డాక్టరు చూడాలి.

మన వంతు పనీ ఉంది. ఎవరైనా తూలినా, తికమకగా మాట్లాడినా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయొద్దు. ఊరికొక నోటుపుస్తకం పెడదాం. ఎవరు పడిపోయారు, ఏ పనిలో, ఎన్ని గంటలకు, ఎన్ని జీవాలు పోయాయి, అదే రోజు రాసి పెడదాం. రేపు కలెక్టరు ఆఫీసు ముందు మన గొంతుతో పాటు ఆ పుస్తకమూ మాట్లాడాలి.