కొండమీద పలికిన పాత టెలివిజన్



మీ ఇళ్ళలో అటక మీదో, మేడమెట్ల కిందో పాతకాలపు బ్లాక్ అండ్ వైట్ టెలివిజన్ పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. నాలుగు కాళ్ళు, ముందు పక్కకు జరిపే చెక్క తలుపులు, వాటికో తాళం. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడానికి మనసొప్పదు, ఉంచుకుంటే చోటు చాలదు. సెలవులకు వచ్చిన మనవడు దాన్ని చూసి, "అమ్మమ్మా, ఇది పనిచేస్తుందా?" అంటూ ప్లగ్గు పట్టుకుని గోడ దగ్గరికి పరుగెడతాడు. సరిగ్గా అప్పుడు మీరేం చెయ్యాలో చెప్పాలనే ఈవేళ మీ ముందుకు వచ్చాను. ముందు ఆ చెయ్యి పట్టుకుని ఆపండి. మిగతా మాటలు తరవాత.

మాది అరకులోయ. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మేమప్పుడు ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళం. మరుసటి ఏడాది మావారు ఆఫీసులో అప్పు పెట్టి 20 అంగుళాల పెట్టె కొన్నారు. 1981లో ఆయనకు అరకు బదిలీ అయింది. పెట్టెను దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు లారీలో తెచ్చుకున్నాం. తీరా చూస్తే ఇక్కడ బొమ్మే రాదు! హైదరాబాదు ప్రసారం ఇంత దూరం అందదు కదా. తరవాత తరవాత కింద మైదానంలో ట్రాన్స్‌మిటర్లు వచ్చినా మాకు ఒరిగిందేమీ లేదు. ఆ తరంగాలు ఇంచుమించు మన చూపులాగే తిన్నగా పోతాయి. కొండ అడ్డమొస్తే అక్కడే ఆగిపోతాయి. మా చుట్టూ ఉన్నవి తూర్పు కనుమలాయె!

"ఎప్పటికైనా బొమ్మ కొండెక్కి వస్తుంది, చూస్తూ ఉండు" అనేవారు మావారు. మా అత్తగారు వెంటనే, "ఆ మాట అనకురా నాయనా! కొండెక్కేవి దీపాలు" అని మందలించేవారు.

కొండలు దాటే ఉపాయం అప్పటికే మన దేశం చూసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా 'సైట్' అని ఒక ప్రయోగం జరిగింది. అమెరికావారి ఎ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చేవి. ఆ పల్లెలకు సెట్లు తయారుచేసింది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. కోళ్ళగూళ్ళకు కొట్టే ఇనుప వలతో పది అడుగుల గొడుగు కట్టి, ఆకాశంలోకి తిప్పి పెట్టేవారు. తరంగం నెత్తిమీంచి దిగుతుంది కనక కొండ అడ్డురాదు. మా ఇంటికి ఆ భాగ్యం డిష్షు రూపంలో వచ్చేసరికి రంగుల టీవీల రోజులొచ్చాయి. పాతది మూలపడింది. మావారు పోయి ఆరేళ్ళయింది. అరకులో ఆ పెట్టెమీద బొమ్మ ఒక్కసారైనా చూడకుండానే వెళ్ళిపోయారు. అందుకే మనవడు ప్లగ్గు పట్టుకోగానే ఆపాను గాని, "వద్దులే" అని మాత్రం అనలేకపోయాను.

ఎందుకు ఆపానో చెబుతాను. పాత సెట్లో కండెన్సర్లని చిన్న చిన్న డబ్బీలు ఉంటాయి. ఏళ్ళ తరబడి కరెంటు లేకుండా పడి ఉంటే వాటి లోపలి పూత చెడిపోతుంది, తడి ఆరిపోతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా ఇంటి కరెంటు ఇస్తే పగలవచ్చు, సెట్టు మంట పట్టుకోవచ్చు కూడా.

ఇక రెండోది, ఇంకా ముఖ్యమైనది. వెనక అట్ట మీరు విప్పకండి, పిల్లల్ని విప్పనివ్వకండి. పిక్చర్ ట్యూబు పది పదిహేను వేల వోల్టులతో పనిచేస్తుంది. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా ఆ విద్యుత్తు ట్యూబులో దాగి ఉంటుంది. మా తమ్ముడు వెనకటికి "ప్లగ్గు తీసేశానుగా" అనే ధీమాతో వేలు పెట్టాడు. ఆ విసురుకి చెయ్యి వెళ్ళి గోడకు కొట్టుకుంది. వారం రోజులు మేమే అన్నం కలిపి పెట్టాం. బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. అదీగాక, ట్యూబు లోపల గాలి ఉండదు. దెబ్బ తగిలి పగిలిందా, గాజు ముక్కలు ఎగిరిపడతాయి. చాలా పాత సెట్లలో లోపలి ఇనుప చట్రానికే కరెంటు తీగ కలిసి ఉంటుంది. కాబట్టి మర బొత్తాం ఊడిపోయినచోట బయటికి కనిపించే ఇనుప కడ్డీని పట్టకారుతో తిప్పే అలవాటుంటే మానుకోండి.

విశాఖపట్నం నుంచి రేడియోల కాలపు పెద్ద మెకానిక్కును రప్పించాం. ఆయన ముందుగా ట్యూబులోని విద్యుత్తును తీసేసి, అప్పుడు లోపల చెయ్యి పెట్టారు. చూసి పెదవి విరిచారు. అరకు మంచు, వానలు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. తీగలమీద బూజు, ఇనుముమీద తుప్పు. చెమ్మ, దుమ్ము కలిస్తే అంత వోల్టేజి దారి తప్పి చిటపటమని మెరుస్తుందట.

అప్పుడే మాకు కూరలు తెచ్చే అప్ప వచ్చింది. పక్క గిరిజన గూడెం మనిషి, నాకంటే పెద్దది. సంగతి విని నవ్వింది. "ఏటమ్మా, సెమ్మారని గింజని తిరగల్లో ఏత్తారేటి? మా కంకులు పొయ్యిమీద ఎందుకు ఏలాడగడతాం?" అంది. మెకానిక్కు ఆమెకు దణ్ణం పెట్టి, "ఇదే నేను చెప్పబోయింది" అన్నారు. పొయ్యి పొగకు బదులు, వెనక అట్ట తీసిన పెట్టెను తాళం వేసే గదిలో పెట్టించి, దగ్గర్లో 40 వాట్ల బల్బు వేలాడదీశారు. ఎనిమిది రోజులు ఆరింది. ఎండలో పెట్టకూడదు సుమా, పైనున్న పలచటి చెక్కపొర లేచిపోతుంది.

ఈలోగా మన వంతు పని మనకుంది. పైచెక్కను గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. బూజు పోయి బాగా ఆరాక పలచగా స్పిరిటు పాలిషు పట్టించాలి. తెరమీద నీళ్ళు చల్లకుండా, కొంచెం తడి చేసిన నూలుగుడ్డతో రుద్దితే చాలు. తలుపుల గాడిలో కొవ్వొత్తి రాస్తే చక్కగా జరుగుతాయి. ఇవన్నీ నేనూ, మనవడూ చేశాం.

మెకానిక్కు వచ్చి చెడిన కండెన్సర్లు మార్చారు. టకటకమని తిరిగే చానల్ మర లోపలి కిలుము తుడిచారు. ఆఖరున సెట్టుకి కరెంటు ఒక బల్బు గుండా ఇచ్చారు. దీన్ని సీరీస్ ల్యాంపు అంటారు. లోపల ఎక్కడైనా తీగలు కలిసిపోయి ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది, సెట్టు మాత్రం కాలిపోదు. మాది భగ్గున వెలిగి, మెల్లగా మందగించింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మరి బొమ్మ ఎక్కణ్ణించి వస్తుంది? పాత యాంటెన్నాకు అందే దూరదర్శన్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అన్నిచోట్లా ఆగిపోయాయి. అందుకని డిష్షు పెట్టెకీ పాత సెట్టుకీ మధ్య ఆర్.ఎఫ్. మాడ్యులేటర్ అనే చిన్న డబ్బీ పెట్టాలి. అది కొత్త సంకేతాన్ని పాత యాంటెన్నా భాషలోకి మారుస్తుంది.

వాల్వులు వేడెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ముందు మాట, తరవాత బొమ్మ. ఆ బొమ్మ పైకి పరుగులు మొదలుపెట్టింది. వర్టికల్ హోల్డు మర తిప్పడం నా వేళ్ళు మరిచిపోలేదు. నిలిచింది. ఎవరో పెద్దమనిషి వరి నారు గురించి చెబుతున్నాడు. అప్ప కింద కూచుని, "ఇన్నాళ్ళు తుడిసినావు, ఇయాల పలికింది" అంది.

నిజంగానే బొమ్మ కొండెక్కి వచ్చింది. మా అత్తగారు ఉంటే, ఆ మాట అన్నందుకు ఈసారి నన్ను మందలించేవారు.

అమ్మలారా, మీ ఇంటి పెట్టెకు కూడా ఇలాగే ఊపిరి పొయ్యవచ్చు. తుడవడం, ఆరబెట్టడం, ఓపిక పట్టడం మన పని. వెనక అట్ట విప్పడం తెలిసినవాళ్ళ పని. బాగయ్యాక కూడా మనిషి లేని గదిలో దాన్ని నడవనివ్వకండి, చూడ్డం అయిపోగానే ప్లగ్గు తీసెయ్యండి. ఇక సెలవు.