ఉక్కు గది బయట నిలబడ్డ కెప్టెన్లు

 

స్నాతకోత్సవానికి పిలిస్తే జీవితం గురించి చెప్పాలంటారు. నేను మాత్రం ఒక గది గురించి చెబుతాను. నౌకా నిర్మాణంలో పట్టాలు అందుకుంటున్న మీకు రేపటినుంచి ఓడలు గీయడమే పని. మీకంటే ముందు ఓడలు గీసినవాళ్లు ఎంతో తెలివి, ఎన్నో టన్నుల ఉక్కు ధారపోసి ఒక గది కట్టారు. ఎవరి కోసం కట్టారో ఆ మనుషులే చాలాసార్లు అందులోకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్నది మీరు తెలుసుకుని తీరాలని నాకనిపిస్తుంది.

దాన్ని కానింగ్ టవర్ అనేవారు. గుండ్లు పడుతున్నప్పుడు కెప్టెన్, చుక్కాని పట్టే నావికుడు ఆ ఉక్కు గదిలోకి చేరి అక్కడినుంచే ఓడను నడపాలన్నది ఉద్దేశం. అమెరికా అయోవా తరగతి యుద్ధనౌకల్లో దాని గోడ మందం 17.3 అంగుళాలు, అంటే 439 మిల్లీమీటర్లు. దాదాపు మూరెడు ఉక్కు! ఓడ పక్కల్ని కాచే ప్రధాన కవచం మందమే 12.1 అంగుళాలు. ఆ గది అడుగునుంచి 16 అంగుళాల మందపు గోడలున్న గొట్టం ఒకటి లోపలి కవచపు డెక్కు దాకా దిగుతుంది. పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య నడిచే తీగలన్నీ అందులోంచే వెళ్తాయి. ఇంజన్లకూ మందుగుండుకూ ఇచ్చినదానికంటే మందమైన గోడ, నిర్ణయం తీసుకునే మనిషి చుట్టూ కట్టారన్నమాట.

ఆ తరగతి నౌకలు నాలుగూ ఇప్పుడు మ్యూజియాలు. మిస్సోరి పెర్ల్ హార్బర్‌లో ఉంది, అయోవా లాస్ ఏంజెలెస్ రేవులో, విస్కాన్సిన్ నార్ఫోక్‌లో. న్యూజెర్సీ నౌక అదే పేరున్న రాష్ట్రంలోని కామ్‌డెన్‌లో ఉంది. ఆ రాష్ట్రంలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. పైచదువులకు వెళ్లేవాళ్లు, అక్కడ అక్కలో అన్నలో ఉన్నవాళ్లు తప్పక వెళ్లి చూడండి. బ్యాంకు లాకరు గది తలుపంత మందపు తలుపు దాటితే స్టీరింగు చక్రం, ఇంజన్ గదికి వేగం తెలిపే టెలిగ్రాఫు, గోడకు టెలిఫోన్లు కనిపిస్తాయి. కళ్ల ఎత్తులో సన్నని చీలికలుంటాయి. ఒక చీలికలోంచి సముద్రం ఒక ముక్క కనిపిస్తుంది, పక్కదానికి జరిగితే ఇంకో ముక్క. ఆ ముక్కలన్నీ మనసులో అతుక్కుని, మధ్యలో కనబడని చోట ఏముందో ఊహించుకుంటూ, ఓ మహానౌకను యుద్ధంలో నడపాలి. ఆచరణలో చక్రం పట్టిన నావికుడు లోపల ఉండేవాడు, కెప్టెన్ టవర్ చుట్టూ ఉన్న బ్రిడ్జి మీదకి వచ్చి నాలుగు దిక్కులూ చూసేవాడు.

ఈ అలవాటు అయోవాలతో మొదలైంది కాదు. 1904 ఆగస్టు 10న పసుపు సముద్రంలో జపాన్‌తో పోరాడుతూ రష్యా అడ్మిరల్ విట్‌గెఫ్ట్ తన నౌక త్సెసారెవిచ్ మీద టవర్ బయటే ఉండిపోయాడు. ఒక గుండు ఆయన్ని బలి తీసుకుంది. వెంటనే ఇంకొకటి టవర్‌కే తగిలింది. లోపలివాళ్లు కూలిపోయారు, చుక్కాని ఒక పక్కకు బిగుసుకుపోయింది. నౌక గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. వెనక వస్తున్న నౌకలకు ఏం జరిగిందో అర్థం కాక వరుస చెదిరిపోయింది. మరుసటి ఏడాది మే 27న సుషిమాలో మరో రష్యా అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీ టవర్ లోపలే ఉన్నాడు. చూపు కోసం వదిలిన సందుల్లోంచే ఉక్కు ముక్కలు వచ్చి ఆయనకు తగిలాయి. అంచులు బయటికి పొడుచుకువచ్చిన పైకప్పు, ఎగిరొచ్చిన ముక్కల్ని ఆపకపోగా లోపలికే మళ్లించింది. ఎదుటి పక్షాన అడ్మిరల్ తోగో మికాసా నౌక మీద, కప్పు కూడా లేని బ్రిడ్జి పైనే నిలబడి యుద్ధం గెలిచాడు.

ఒకరు బయట చనిపోయారు, ఒకరు లోపల గాయపడ్డారు, ఒకరు బయటే ఉండి బతికారు. వీటినుంచి సూత్రం లాగొద్దు, అదృష్టం పాలు ఇందులో చాలా ఉంది. గమనించాల్సింది ఒక్కటే. బయట నిలబడ్డవాళ్లకు ప్రమాదం తెలియక కాదు. చూడలేని చోటునుంచి నౌకను నడపడం తమవల్ల కాదని వాళ్లు తేల్చుకున్నారు.

బ్రిటిష్ వాళ్లు దీన్ని ఆఖరిదాకా తీసుకెళ్లారు. 1916లో జట్లండ్ దగ్గర జర్మన్లతో జరిగిన పోరులో అడ్మిరల్ బీటీ లయన్ నౌక కప్పులేని బ్రిడ్జి మీదే ఉన్నాడు. 1934, 1937 మధ్య వార్‌స్పైట్ యుద్ధనౌకను దాదాపు కొత్తగా కట్టినప్పుడు పాత బరువైన టవర్‌ను పీకేశారు. తర్వాతి ఐదో కింగ్ జార్జ్ తరగతిలో నాలుగంగుళాలకు మించని గోడతో సరిపెట్టారు. దాని వెల 1941 మే 24న తెలిసింది. జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ గుండు ఒకటి, ఆ తరగతికే చెందిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కంపాస్ ప్లాట్‌ఫాం మీదుగా దూసుకుపోయింది. కెప్టెన్ లీచ్, మరొకరిద్దరు తప్ప అక్కడున్నవాళ్లలో చాలామంది చనిపోయారు, లేదా గాయపడ్డారు. మరి కవచం ఉంటే? బిస్మార్క్‌కు ఉంది, 350 మిల్లీమీటర్లు. మూడు రోజుల తర్వాత బ్రిటిష్ నౌకలు దగ్గరకొచ్చి కాల్చినప్పుడు ఆ టవర్‌కూ చిల్లులు పడ్డాయి. సముద్రం అడుగున ఆ శిథిలాన్ని చూసినవాళ్లు వాటిని చూశారు.

నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసేది 1942 నవంబర్ 13 తెల్లవారుజామున గ్వాడల్‌కెనాల్ దగ్గర జరిగింది. జపాన్ హియే ముప్పైల్లో ఆధునీకరించిన యుద్ధనౌక. యమాటో అనే యుద్ధనౌక కోసం అనుకున్న బ్రిడ్జి గోపురాన్ని ముందుగా దాని మీదే కట్టి చూశారు. అమెరికా క్రూజర్ శాన్ ఫ్రాన్సిస్కో చీకట్లో దానికి అతి దగ్గరగా వచ్చింది. ఆ రాత్రి కాల్పుల్లో రెండు ఓడల బ్రిడ్జిలూ చీలిపోయాయి. హియే మీద అడ్మిరల్ అబే గాయపడ్డాడు, ఆయన ముఖ్య అధికారి చనిపోయాడు. శాన్ ఫ్రాన్సిస్కో మీద అడ్మిరల్ కలహన్, కెప్టెన్ యంగ్ ఇద్దరూ పోయారు. మిగిలినవాళ్లలో హోదాలో పెద్దవాడైన షాన్‌లండ్ కింద డెక్కుల్లో నీటితో పోరాడుతున్నాడు. తాను పైకి వస్తే ఓడ మునుగుతుందని, పైన ఉన్న మెక్‌కాండ్లెస్‌నే నడుపుతూ ఉండమన్నాడు. ఇద్దరూ లెఫ్టినెంట్ కమాండర్లే. ఓడ బతికింది. ఇద్దరికీ అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం దక్కింది. చిల్లులు పడిన ఆ బ్రిడ్జి రెక్కల్ని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో లాండ్స్ ఎండ్ దగ్గర స్మారకంగా నిలిపారు. ఆ చిల్లులు చేత్తో తడిమి చూడొచ్చు.

ఆ ఓడను కాచింది ఉక్కు మందం కాదు. రెండోచోట ఇంకో మనిషి ఉన్నాడు, అతనికి పని తెలుసు, ఇద్దరి మధ్యా మాట నడిచింది. ఇది గీతల్లో గీయగలిగిన విషయం. మీ చేతుల్లో ఉన్న విషయం.

ఇక ఎనభైల్లోకి వద్దాం. అయోవా నౌకల్ని మళ్లీ సేవలోకి తెచ్చారు. న్యూజెర్సీ 1982 డిసెంబర్‌లో వచ్చింది, విస్కాన్సిన్ అన్నిటికంటే ఆఖరున 1988లో. ఒక్కోదానికి 32 టోమాహాక్, 16 హార్పూన్ క్షిపణులు, నాలుగు ఫాలాంక్స్ తుపాకులు అమర్చారు. వాటిని నడపడానికి కంబాట్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ అనే కొత్త గది కావాల్సి వచ్చింది. దాన్ని డెక్కు పైన, మామూలు గోడల మధ్య కట్టారు. అయినా చుక్కాని చక్రం మూరెడు ఉక్కు లోపలే ఉండిపోయింది. పెద్ద ఫిరంగుల గురి లెక్కగట్టే మార్క్ 8 రేంజ్‌కీపర్లు, పళ్ల చక్రాలతో నడిచే నలభైల నాటి యంత్రాలు, కవచపు డెక్కు కిందే పనిచేశాయి. కెప్టెన్ అద్దాల బ్రిడ్జి మీద. ఒకే ఓడను నాలుగు చోట్లనుంచి నడుపుతున్నారు. ఇది అవకతవక అని కొందరంటారు, నేను ఒప్పుకోను. కొత్త గదిలో తెరల ముందు కూర్చున్నవాళ్ల కళ్లు మాస్టుల మీది రాడార్లు, ఆ రాడార్లకు ఎవరూ కవచం తొడగలేరు. కళ్లు పోయాక గది ఎంత గట్టిదైతే ఏం?

1991 ఫిబ్రవరి 25న కువైట్ తీరంలో ఇరాక్ మిస్సోరి మీదికి సిల్క్‌వార్మ్ క్షిపణి వదిలింది. దాన్ని కూల్చింది పక్కనే ఉన్న బ్రిటిష్ గ్లోస్టర్ నౌక సీ డార్ట్. అదే రోజు తోటి అమెరికా నౌక జారెట్ ఫాలాంక్స్, క్షిపణిని ఏమార్చడానికి మిస్సోరి వదిలిన రేకుల మేఘాన్ని శత్రువనుకుని కాల్చింది. కొన్ని గుళ్లు మిస్సోరికే తగిలాయి. నిర్ణయం ఒక గదిలోంచి ఎప్పుడో బయటికొచ్చి, ఓడల మధ్యకు పాకిపోయింది.

అందుకని మీకు నా విన్నపం ఒకటుంది. బ్రిడ్జి గీసినా, ఇంజన్ కంట్రోల్ రూం గీసినా, రేపు నీటి అడుగున మనిషి లేకుండా తిరిగే పడవను నడిపే గది గీసినా, అందులో కూర్చునేవాడికి ఏం కనిపిస్తుంది, ఎవరి గొంతు వినిపిస్తుంది, అతను పడిపోతే పక్క గదిలో చక్రం ఎవరు అందుకుంటారు, ఈ మూడూ రాసుకున్నాకే గోడల మందం లెక్కపెట్టండి. మన విశాఖ బీచ్ రోడ్డులోనే కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ఉంది, 2002 నుంచీ. ఉద్యోగాల్లో చేరేలోపు నలుగురైదుగురు కలిసి వెళ్లండి. ఒకరు పెరిస్కోప్ దగ్గర నిలబడండి, మరొకరు ఇంజన్ల వైపు తలుపు దగ్గర. పక్కన సందర్శకుల గోల ఉండగానే మామూలు గొంతుతో ఒక ఆజ్ఞ ఇచ్చి చూడండి. ఎంతవరకు వినబడిందో కాగితం మీద రాసుకోండి.