తిరిగొచ్చిన కత్తి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం ‘మన చేతివృత్తులు, యువత ఉపాధి’. చాలా పెద్ద అంశం. అంత పెద్ద విషయం మీద ఉపన్యాసం ఇచ్చే చదువు నాకు లేదు. నాకు తెలిసింది కత్తి ఒక్కటే. మాది కమ్మర ఇల్లు. కొలిమి పక్కన పెరిగినవాణ్ణి. అందుకని ఈరోజు ఒక పాత కత్తిని ఎలా అమ్మానో, అది నా దగ్గరికి ఎలా తిరిగొచ్చిందో చెబుతాను. మీలో కొంతమంది ఫోన్లో ఫొటోలు పెట్టి కత్తులు అమ్ముతున్నారని విన్నాను. ముఖ్యంగా వాళ్ళు వినాలి.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కమ్మరి. నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, కత్తి అన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే. ఒకప్పుడు పనికి బదులు ధాన్యం, చోళ్ళు ఇచ్చేవారు. ఇప్పుడు సంతకు వెళ్తే మిషన్ మీద చేసిన కొడవళ్ళు కుప్పలుగా దొరుకుతున్నాయి. కొలిమి దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆయనకు మోకాళ్ళు కూడా పనిచేయడం మానేశాయి.

మనవరాలి నర్సింగ్ కాలేజీ ఫీజుకు డబ్బు తక్కువైంది. అప్పుడు తను పన్నెండేళ్ళు వాడిన కత్తి తీసి నా చేతిలో పెట్టి, “అల్లుడూ, దీన్ని ఎవరికైనా అమ్మి పెట్టరా” అన్నాడు. లారీ కమాను పట్టీతో చేసిన కత్తి. చింత కర్ర పిడి. వెదురు కొట్టడానికి, ముళ్ళకంప నరకడానికి, మేకపిల్లలకు రొట్ట కొయ్యడానికి పన్నెండేళ్ళు పనిచేసింది. పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగి ఉంది.

వంజంగి మేఘాల కొండ, లంబసింగి చూడ్డానికి చలికాలంలో ఎంతమంది వస్తారో మీకు తెలుసు. గుడారాలు వేసుకుని, మంట వేసుకుని అడవిలో గడపడం వాళ్ళకు సరదా. అలాంటివాళ్ళు వాడే కత్తికి వాళ్ళలో ‘బుష్‌క్రాఫ్ట్ కత్తి’ అని పేరుంది. చేత్తో చేసింది అంటే ఎక్కువ డబ్బు పెడతారని ఎవరో చెప్పారు. నాకు ఆశ పుట్టింది.

కత్తి చూస్తే నల్లగా, మచ్చలతో ఉంది. ఇలా ఉంటే ఎవరు కొంటారనుకున్నాను. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్ళి కరెంటు గ్రైండర్ మీద పెట్టించాను. అరగంటలో అద్దంలా మెరిసింది. వాదర వెంట సన్నగా నీలం రంగు గీత కనబడింది. అది కూడా అందంగానే ఉందనుకున్నాను. కాగితం పెడితే సర్రున తెగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు 1,800 రూపాయలకు కొన్నాడు. డబ్బు మావయ్యకిచ్చాను. ఫీజు కట్టేశారు. నాకు గర్వంగా అనిపించింది.

నెల తిరక్కుండా ఫోన్ వచ్చింది. “అన్నా, ఎండు కట్టె మీద నాలుగు దెబ్బలు వేశాను. అంచు మడతపడింది” అన్నాడు. తిట్టలేదు. “మీ వైపు కమ్మర్లు చేసే కత్తి గట్టిగా ఉంటుందని చెప్పి మా ఫ్రెండ్స్‌కి కూడా చూపించాను” అన్నాడు, అంతే. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మళ్ళీ వచ్చినప్పుడు కత్తి తెచ్చిచ్చాడు. మిరియాలు అమ్మిన డబ్బులోంచి 1,800 తీసి ఇచ్చేశాను.

కత్తి మావయ్యకు చూపించాను. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఏటిరా ఇది? మెరుపు తెచ్చావు, పదును తీసీసావు” అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పిందే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మన భాషలో ‘పదును’ అనే మాటకు రెండు పనులున్నాయి. ఒకటి కొలిమి దగ్గర జరిగేది, రెండోది సానరాయి మీద జరిగేది. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ అర శాతం పైచిలుకు ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గట్టిపడుతుంది. కానీ అప్పుడు గాజులాగా పెళుసుగా ఉంటుంది, దెబ్బకు పెచ్చు ఊడుతుంది. అందుకే మళ్ళీ కొంచెం వేడి ఇస్తారు. ఆ వేడికి శుభ్రం చేసిన ఉక్కు మీద రంగులు పాకుతాయి. మొదట ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, చివరికి నీలం. కత్తి వాదరకు గడ్డి రంగు దగ్గర ఆపాలి. అంటే 220, 230 డిగ్రీల ప్రాంతం. నీలం వచ్చిందంటే 300 డిగ్రీల దాకా పోయినట్టు. స్ప్రింగుకు ఆ మెత్తదనం మంచిదే. కట్టె కొట్టే వాదరకు పనికిరాదు.

గ్రైండర్ మీద వాదర చాలా పలచగా ఉంటుంది కాబట్టి క్షణాల్లో వేడెక్కుతుంది. నేను అందంగా ఉందనుకున్న ఆ నీలం గీత, మావయ్య కొలిమి దగ్గర ఇచ్చిన పదును పోయిందనడానికి గుర్తు. కాగితం కోసింది కదా అంటారేమో. మెత్తని ఇనుమైనా సన్నగా రాస్తే కాగితం కోస్తుంది. అది నిలబడుతుందా లేదా అన్నది కట్టె చెబుతుంది.

మోకాళ్ళ నొప్పితోనే మావయ్య కొలిమి వెలిగించాడు. తిత్తి నేను ఊదాను. ఇంట్లో తలుపులు దగ్గరికి వేయించాడు. ఎండ వెలుగులో ఇనుము రంగు కళ్ళను మోసం చేస్తుందట. కత్తి ఎర్రబడ్డాక వాదర వైపు మాత్రం వలిసె నూనెలో ముంచాడు. వెన్ను వైపు వేడి మిగిలే ఉంది. వాదరను రాయితో రుద్ది తెల్లగా చేశాడు. వెన్నులోని వేడి మెల్లగా దిగుతుంటే రంగు పాకుతూ వచ్చింది. గడ్డి రంగు అంచుకు చేరగానే మొత్తం ముంచేశాడు. అంతా కొన్ని నిమిషాల పని. అందులో ఆయన నలభై ఏళ్ళ అనుభవం ఉంది.

తరువాత సాన పట్టడం నాకు అప్పజెప్పాడు. ఇది మీరందరూ నేర్చుకోవచ్చు. రాయిని తడపండి. కత్తిని రాయి మీద నిట్టనిలువుగా నిలబెడితే 90 డిగ్రీలు. అందులో సగం వంచితే 45, మళ్ళీ సగం వంచితే 22 పైచిలుకు. కట్టె పని చేసే కత్తికి ఒక్కో వైపు ఆ వంపు సరిపోతుంది. కూరగాయల కత్తికి ఇంకా తక్కువ ఉండాలి. మొదటి నుంచి చివరి దాకా ఆ వంపు మారకూడదు. ఒక వైపు రుద్దుతూ పోతే అవతలి వైపు అంచు పొడవునా వేలికి సన్నని గరుకు తగులుతుంది. అప్పుడే రెండో వైపుకు మారాలి. గరుకు రాయి తరువాత నున్నని రాయి, ఆఖరున పాత తోలు బెల్టు మీద వాదరను వెనక్కి లాగాలి. వేలిని అంచు పొడవునా జరపకండి, అంచుకు అడ్డంగా తాకి చూడండి. నాకు మొదటిసారి రెండు గంటలు పట్టింది.

ఈసారి ఆ నల్లని మచ్చలను నేను ముట్టుకోలేదు. ఆ కుర్రాడికే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. గ్రైండర్ మీద పాడు చేశానని, మళ్ళీ పదును పెట్టించామని, పిడి దగ్గర చిన్న కదలిక ఉంటే చీల కొట్టామని చెప్పాను. ఎండు వెదురు మీద కొట్టి వాదర ఫొటో పంపాను. “మొదటిసారే ఇలా చెప్పి ఉంటే అప్పుడే మరో ఇద్దరు కొనేవాళ్ళన్నా” అన్నాడు. అదే 1,800కి అతనే తీసుకున్నాడు. ఇది జరిగి నాలుగేళ్ళయింది. అతని ద్వారా ఇంకో ఆరు కత్తులు అమ్మాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అందుకే పాత కత్తి అమ్మేటప్పుడు నేను పాటించే పద్ధతులు కొన్ని చెబుతాను.

ఒకటి. లోపం ముందు చెప్పండి. వాదర మీద పెచ్చు ఉందా, తుప్పు గుంటలున్నాయా, పిడి కదులుతోందా, ఎన్నేళ్ళు ఏ పనికి వాడారు, ఏ ఇనుముతో చేశారు, సాన ఎలా పట్టారు. అవతలివాడు అడిగేదాకా ఆగొద్దు.

రెండు. చేసినవాడి పేరు, ఊరి పేరు చెప్పండి, ఆయన అనుమతితోనే. దీనికో పాత కథ ఉంది. నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊళ్ళో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవారు. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి ఆ ఉక్కు కొనుక్కెళ్ళేవారు. ఇలాంటి ఉక్కుతో చేసిన కత్తులకు లోకంలో స్థిరపడిన పేరు మాత్రం డమాస్కస్. ఉక్కు తీసిన చేతుల పేర్లు ఎవరికీ తెలియవు. ఈరోజుల్లో అరకు కాఫీకి, ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, పేరు సరుకుతోపాటు ప్రయాణం చేయాలని మనం ఇప్పటికి తెలుసుకున్నామన్నమాట. మీరు పెట్టే ఫొటో కింద ఆ కమ్మరి పేరు రాస్తే రేపు జనం ఆ పేరు అడుగుతారు. వచ్చిన డబ్బులో ఆయన వాటా ఆయనకు ముట్టాలి.

మూడు. దుప్పి కొమ్ము, కణుజు కొమ్ము పిడి ఉన్న కత్తిని అమ్మకానికి పెట్టకండి. ఆ కొమ్ము అడవిలో దానంతటదే రాలిందైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. తాత కాలం నాటిదంటే వినరు. చింత, తుమ్మ లాంటి గట్టి కర్ర పిడులు మనకు చాలు.

నాలుగు. పనిముట్టును పనిముట్టుగానే అమ్మండి. 1959 ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తప్పించింది. మీరు అదే కత్తి పట్టుకుని సినిమా హీరోలా రీల్ పెడితే చూసేవాళ్ళకు అది ఆయుధంలాగే కనబడుతుంది. కష్టం మీకే కాదు, ఆ కమ్మరికి కూడా. చిన్నపిల్లలకు, తాగి వచ్చినవాడికి, కోపంతో వచ్చినవాడికి ఎంత ధర ఇచ్చినా అమ్మకండి. వాదరకు తొడుగు వేసి కట్టి ఇవ్వండి. విమానంలో వెళ్ళేవాళ్ళకు చేతిసంచిలో పెట్టుకోకూడదని చెప్పండి.

ఐదు. ప్రతి కత్తీ అమ్మేది కాదు. ఇంట్లో అమ్మనో నాన్ననో అడక్కుండా అటక మీది కత్తి తీయకండి. మావయ్య తన కత్తి తానే ఇచ్చాడు, మనవరాలి చదువు కోసం ఇచ్చాడు. అది ఆయన ఇష్టం. తాత పోయాక ఆయన కత్తిని సెలవుల్లో వచ్చిన మనవడు సెల్‌ఫోన్ రీచార్జికి అమ్మడం వేరు.

చివరిగా ఒక్క మాట. మావయ్య ఇప్పుడు సమ్మెట ఎత్తలేడు. కానీ రంగు చూసి చెప్పగలడు, “ఇప్పుడు ముంచు” అనగలడు. నేను, మా ఊరి పిల్లలు ఇద్దరు ఆదివారాలు వెళ్ళి పని చేస్తున్నాం. మొదట చేసిన మూడు కత్తులూ పగిలిపోయాయి. నాలుగోది నిలిచింది. మీ ఊళ్ళో కూడా అలాంటి ముసలాయన ఒకరు ఉంటారు. కత్తి కొనడానికి ఆయన దగ్గరికి వెళ్ళినరోజు ధర ఒక్కటే అడిగి రావద్దు. కొలిమి వెలిగించే రోజు ఎప్పుడో కనుక్కోండి. ఆ రోజు వెళ్ళి తిత్తి ఊదండి. గడ్డి రంగు ఎలా ఉంటుందో ఎంత చెప్పినా ఫోన్లో తెలియదు, ఆయన పక్కన నిలబడి చూడాల్సిందే.

మావయ్య మనవరాలు ఇప్పుడు నర్సుగా పనిచేస్తోంది. మొదటి జీతంతో తాతకు కొత్త సానరాయి కొనిచ్చింది.