హస్తవాసికి అందనిది

పట్టభద్రులారా, మంచి వైద్యుణ్ణి మెచ్చుకోవడానికి మనకో చక్కని మాట ఉంది: హస్తవాసి. మెదడు శస్త్రచికిత్సలో ఆరితేరిన ఒక సైనిక వైద్యుడి జీవితం ఆధారంగా, ఆ మాటకున్న పరిధి ఎంతో ఈ రోజు మీతో కలిసి ఆలోచించాలని ఉంది. ఎంత గొప్ప హస్తవాసి అయినా తన బల్ల మీదికి వచ్చినవారికే అందుతుంది. రానివారిని కాపాడాలంటే, వచ్చినవారు ఎందుకు వచ్చారో లెక్క తీయాలి. ఇదే నా వాదన.

హ్యూ కెయిర్న్స్ 1896లో దక్షిణ ఆస్ట్రేలియాలో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సైనిక వైద్య దళంలో పనిచేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, 1926లో అమెరికా వెళ్ళి హార్వీ కుషింగ్ దగ్గర మెదడు శస్త్రచికిత్స నేర్చుకున్నారు. కుషింగ్ కూడా యుద్ధం చూసిన వైద్యుడే. 1917లో తల గాయాలతో వచ్చిన సైనికుల్లో నూటికి 50కి పైగా ఉన్న మరణాలను మూడు నెలల్లో 30 లోపుకు దించారు. ప్రతి కేసునూ వివరంగా రాసిపెట్టడం ఆయన పద్ధతి. శిష్యుడికి ఆపరేషన్‌తో పాటు ఆ అలవాటూ అబ్బింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ హ్యూస్ కాలేజీని తల గాయాల సైనిక ఆసుపత్రిగా మార్చి కెయిర్న్స్ నడిపించారు. క్షతగాత్రుడు ఆసుపత్రికి చేరేలోగా ఆలస్యమైపోతోందని, ఆపరేషన్ సామగ్రిని వాహనాలకెక్కించి వైద్యబృందాలనే యుద్ధరంగానికి పంపే ఏర్పాటు చేశారు. పుర్రె మూసిన పెట్టె లాంటిది. లోపల రక్తం చేరే కొద్దీ మెదడు నలిగిపోతుంది కాబట్టి, అక్కడ ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

కానీ ఆయన చేసిన అతి పెద్ద మేలు ఆపరేషన్ గదికి బయట ఉంది. 1935 మేలో ‘అరేబియా లారెన్స్’గా ప్రసిద్ధుడైన టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించారు. ఆయన్ను చూసిన వైద్యుల్లో కెయిర్న్స్ ఒకరు. ఆరేళ్ళ తర్వాత, 1941 అక్టోబరులో, కెయిర్న్స్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. యుద్ధం మొదలైన 21 నెలల్లో బ్రిటన్‌లో 2,279 మంది మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో పోయారని, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది తల గాయమేనని చూపారు. హెల్మెట్ పెట్టుకుని గాయపడినవారు ఆయనకు కనిపించింది ఏడుగురే. ఏడుగురూ బతికారు. ఆ నవంబరులోనే డ్యూటీ మీద మోటార్‌సైకిల్ నడిపే సైనికులకు బ్రిటిష్ సైన్యం హెల్మెట్ తప్పనిసరి చేసింది.

ఏడు కేసులతో ఏం తేలుతుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తర్వాత మరణాలు తగ్గినా, యుద్ధకాలంలో పెట్రోలుకు రేషన్ ఉండేదన్న సంగతీ మరువకూడదు. అయితే ఆ అనుమానాన్ని తరువాతి తరాల పరిశోధన తీర్చింది. అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదం 69 శాతం తగ్గుతాయని తేల్చింది. ఇక రెండో అభ్యంతరం: ఇది సర్జన్ పనా? మన సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యుడే. మలేరియాకు మందు ఇవ్వడంతో సరిపెట్టుకోకుండా, మురుగ్గుంటల దాకా వెళ్ళాలని పట్టుబట్టారు. రోగానికి మూలం ఎక్కడుంటే వైద్యుడి పని అక్కడిదాకా ఉంటుంది. మూడో అభ్యంతరం బలమైనది. సైనికుడికి ఆజ్ఞ చాలు, పౌరుడికి స్వేచ్ఛ ఉంది కదా? బ్రిటన్‌లో సామాన్యులకు హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో, కెయిర్న్స్ మరణించిన 21 ఏళ్ళకు. మనకు 1988 మోటారు వాహనాల చట్టం ఉన్నా, జరిమానాకు జడిసి పెట్టుకున్న హెల్మెట్ పోలీసు కనుమరుగు కాగానే హ్యాండిల్‌కు వేలాడుతుంది. ఆజ్ఞ ఒక్కటే చాలదన్న మాట నిజం. ఎందుకో తెలిసి పాటించేవాళ్ళు కావాలి, అందుకే చదువుకున్నవారి వైపు చూడాల్సి వస్తోంది.

పామర్రు నుంచి వచ్చే 165వ నంబరు జాతీయ రహదారి మన ఊరు ఆకివీడు మీదుగానే పోతుంది. దాని మీద చేపల లోడు లారీల పక్కనే, మేత బస్తా వేసుకుని చెరువు గట్టుకు వెళ్ళే బండ్లూ పోతాయి. హెల్మెట్ వద్దనడానికి చెప్పే ఉక్కపోత నిజమే, దూరం తక్కువన్నదీ నిజమే. కానీ తల రోడ్డుకు తగిలే క్షణంలో ఏ ఆసుపత్రీ పక్కన ఉండదు. కెయిర్న్స్ సైనికుల దగ్గరికి వాహనాల్లో పంపిన సాయం, ఇక్కడ నెత్తిమీదే ఉండాలి. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రయాణించి మరణించినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. పెట్టుకుంటే అందరూ బతికేవారని కాదు, కానీ చాలామందిది మనం అనుకునే తలరాత కాదు. మీరు బ్యాంకులో కూర్చున్నా, రొయ్యల చెరువు చూసుకున్నా, బడిలో పాఠం చెప్పినా, మీ ముందుకూ ఒక రిజిస్టరు వస్తుంది. అందులో మళ్ళీ మళ్ళీ కనబడే నష్టానికి కారణం వెతకండి. ఇప్పుడే చేయదగిన పని కూడా ఒకటుంది. ఆ 50,029 మందిలో 14,337 మంది బండి వెనక కూర్చున్నవారే. పట్టాతో ఇంటికి బయల్దేరేటప్పుడు, మీ వెనక కూర్చునే అమ్మకో చెల్లికో రెండో హెల్మెట్ ఉందో లేదో చూసుకోండి.